స్వెట్‌షర్ట్ కొనేముందు కాలిక్యులేటర్ తీయండి

మా ఇంట్లో హాల్ క్లోజెట్‌లో ఒక స్వెట్‌షర్ట్ వేలాడుతూ ఉంటుంది. ఈస్ట్ కోస్ట్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీది, పేరు చెప్పను. 2023 జూన్‌లో క్యాంపస్ టూర్ అయిపోయాక వాళ్ళ బుక్‌స్టోర్‌లో 68 డాలర్లు పెట్టి మా అమ్మాయికి కొన్నా. డాలస్ పక్కన మా ఫ్రిస్కో ఎండల్లో అంత మందపాటిది ఎవరూ వేసుకోరు, అయినా ఆ వేసవంతా అది ఏసీ పెంచుకుని మరీ వేసుకుని తిరిగింది. ఆ యూనివర్సిటీలో మాత్రం అది చదవట్లేదు. సీటు రాక కాదు, అసలు అప్లై చేస్తే కదా. చేయొద్దన్నది నేనే, అది కూడా స్వెట్‌షర్ట్ కొన్న నాలుగు నెలల తర్వాత.

ప్రతి ఆగస్టులో కామన్ యాప్, అంటే కాలేజీ అప్లికేషన్ల ఆన్‌లైన్ ఫారం, తెరుచుకునే టైమ్‌కి నాకు ఫోన్లు మొదలవుతాయి. మా అమ్మాయి ఒకసారి ఈ గండం గట్టెక్కింది కాబట్టి నేనేదో ఎక్స్‌పర్ట్ అయిపోయానని మా డాలస్ వాళ్ళ నమ్మకం. ఎస్సేకి ఏ కన్సల్టెంట్ మంచాయన అన్నా, ఎస్ఏటీ ఎంత వస్తే పంపొచ్చు, ఈడీ (సీటిస్తే చేరి తీరాల్సిన ముందస్తు అప్లికేషన్) ఎక్కడ పెడితే ఛాన్స్ ఎక్కువ, ఇవే ప్రశ్నలు. రెండేళ్ళ నుంచి వింటున్నా, "ఆ కాలేజీకి మనం ఏడాదికి ఎంత కట్టాల్సొస్తుంది" అని ఒక్కళ్ళు కూడా ముందు అడగలేదు. అందరూ దాన్ని చివరికి ఉంచుకుంటారు, సీటు వచ్చాక చూసుకుందాంలే అని. నేనూ అలాగే ఉంచుకున్నా, అందుకే ఈ సొద. నా వాదన ఒక్కటే, ప్రైవేట్ కాలేజీకి వెళ్ళే అప్లికేషన్లు నిజానికి రెండు. ఒకటి పిల్లలది, రెండోది మనది. మనది ముందు పూర్తవ్వాలి, పైగా పిల్లల కళ్ళముందే పూర్తవ్వాలి.

మనకి ఈ విషయం ఎందుకు తలకెక్కదంటే మనం వచ్చిన దారి వేరు. నేను ఇంటర్ చదివిన రోజుల్లో ప్రైవేట్ కాలేజీ అంటే యూనివర్సిటీ కాలేజీలో సీటు రానివాళ్ళు వెళ్ళేది. ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని నాన్నతో కౌన్సెలింగ్‌కి వెళ్ళడం, ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో చూసుకుంటూ నిలబడటం, మన నంబర్ పిలిచేలోపు మనం అనుకున్నది అయిపోతే గుండె జారిపోవడం. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసు తీర్పు తర్వాత ప్రైవేట్ కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అని వచ్చాయి కదా, నాకు పేమెంట్ సీటు వచ్చింది. నాన్న ఆ డబ్బు ఎక్కణ్ణించి తెచ్చాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీలేదు, అది వేరే కథ. కానీ పేమెంట్ సీటుకి ఒక రేటు ఉండేది, గవర్నమెంట్ ఆర్డర్‌లో రాసి ఉండేది, పేమెంట్ సీటులో కూర్చున్న ప్రతివాడూ అంతే కట్టేవాడు. కట్టగలమా లేదా అన్నది సీటు తీసుకునే ముందే తెలిసేది.

ఇక్కడ అమెరికాలో ప్రైవేట్ కాలేజీ క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకటే రేటు కట్టరు. ఒకడు ఏడాదికి 90 వేల డాలర్లు కట్టొచ్చు, పక్కవాడు 4 వేలు కట్టొచ్చు, ఆ వెనకవాడు 41 వేలు. వెబ్‌సైట్‌లో పెట్టిన రేటు చీరల కొట్లో చీటీ మీద రేటు లాంటిది, కొందరికి అదే, చాలామందికి కాదు. కాలేజీల బిజినెస్ ఆఫీసర్ల సంఘం నాక్యుబో ఏటా ఒక లెక్క ఇస్తుంది, 2023-24లో ప్రైవేట్ కాలేజీలు కొత్తగా చేరే ఫస్ట్ ఇయర్ పిల్లలకి ట్యూషన్ మీద సగటున దాదాపు 56 శాతం తగ్గించాయని. అంటే సగం కంటే ఎక్కువ. ఇది విని వెంటనే సంబరపడకండి, ఆ సగటులో మీరు ఎటువైపు ఉంటారన్నదే అసలు ప్రశ్న. ర్యాంకుని బట్టి కాదు, మీ జీతం, మీ ఇల్లు, మీ పొదుపు, ఆ కాలేజీ ఖజానా, ఆ ఏడాది వాళ్ళకి మీ పిల్లలాంటి పిల్ల ఎంత కావాలో, వీటన్నిటినీ బట్టి.

దీన్ని ముందే అంచనా కట్టే పరికరం ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ ఉంది, ఉండి తీరాలి, 2008లో వచ్చిన చట్టం ప్రకారం 2011 అక్టోబర్ నుంచి ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలి. కాకపోతే దాన్ని హోమ్ పేజీలో పెట్టి దండ వెయ్యరు, ఫైనాన్షియల్ ఎయిడ్ పేజీలో అడుగున ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి. టూర్‌లో వెనక్కి నడుస్తూ మాట్లాడే ఆ పిల్లలు లైబ్రరీ గురించి, డైనింగ్ హాల్ గురించి, రాత్రిపూట నీలం లైటు సేఫ్టీ స్తంభాల గురించి గంటన్నర చెప్పారు గానీ దీని మాటెత్తలేదు. వాళ్ళని అనడానికేముంది, మనం అడగలేదు.

2023 అక్టోబర్ రెండో వారం. ఈడీ డెడ్‌లైన్ నవంబర్ 1. ఈడీ అంటే తెలియని వాళ్ళకోసం, ఎర్లీ డెసిషన్, ఒక్క కాలేజీకే పెట్టాలి, సీటిస్తే చేరి తీరతామని ముందే ఒప్పుకోవాలి, ఆ ఒప్పందం మీద పిల్లతో పాటు తల్లో తండ్రో, స్కూల్ కౌన్సెలరూ సంతకం పెట్టాలి. నా సంతకం కోసం ఈమెయిల్ వచ్చింది. శుక్రవారం రాత్రి, మా ఆవిడా అమ్మాయీ పడుకున్నాక, సంతకం పెట్టేముందు ఎందుకో అనుమానమొచ్చి ఆ కాలిక్యులేటర్ వెతికి తీశా. డబ్ల్యూ-2లు (జీతం లెక్క కాగితాలు), ట్యాక్స్ రిటర్న్, 529 (పిల్లల చదువుకి దాచే ఖాతా) స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఒక్కో గడీ నింపా. పదిహేను నిమిషాల పని. చివర్లో ఒక నీలం బటన్, నొక్కితే మీ అంచనా ఖర్చు ఏడాదికి 84 వేల చిల్లర అని వచ్చింది. వాళ్ళ పూర్తి రేటు 88 వేలు. అంటే మాకు వాళ్ళిచ్చే సాయం, కాగితం మీద, ఒక నెల మార్ట్‌గేజ్ కంటే కాస్త ఎక్కువ. రెండోసారి నింపా, అంకె తప్పు కొట్టానేమో అని. అదే వచ్చింది.

ఎందుకంత వచ్చిందంటే 2022లో మేము కంపెనీ స్టాకు అమ్మి ఇంటికి డౌన్ పేమెంట్ కట్టాం. ఆ ఏడాది రిటర్న్‌లో ఆదాయం ఎన్నడూ లేనంత లావుగా కనపడుతుంది. 2024లో చేరే పిల్లకి వాళ్ళు చూసేది 2022 ట్యాక్స్ లెక్క, అంటే పిల్ల పదో క్లాసు సగం, పదకొండో క్లాసు సగం చదువుతున్న క్యాలెండర్ సంవత్సరం. ఈ ముక్క నాకు పిల్ల తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎవరైనా చెప్పుంటే స్టాకు ఒక ఏడాది ముందే అమ్మేవాణ్ణి. మా కౌన్సెలర్ చెప్పలేదు, డబ్బులు తీసుకున్న కన్సల్టెంట్ చెప్పలేదు, హైస్కూల్లో కాలేజీ స్థాయి ఏపీ క్లాసులు ఎన్ని తీసుకోవాలో మాత్రం ఇద్దరూ చెప్పారు.

శనివారం పొద్దున అమ్మాయికి చెప్పాలి. మనవాళ్ళలో పిల్లలకి జీతం ఎంతో చెప్పే అలవాటు ఎక్కడుంది, మా నాన్న జీతం నాకు ఆయన రిటైరయ్యే రోజు తెలిసింది. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తిప్పి చూపించా. అది చాలాసేపు ఆ డబ్ల్యూ-2 అంకె వైపే చూసింది, కాలేజీ అంకె వైపు కాదు.

"నాన్నా, మనం రిచ్ ఆ?"

"వాళ్ళ ఫార్ములా ప్రకారం అవును. మన బ్యాంకు అకౌంట్ ప్రకారం కాదు."

నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. "ఈ కాలిక్యులేటర్ జూన్‌లో కూడా ఉందా?" అంది. ఉంది. "మరి జూన్‌లోనే చేయొచ్చు కదా నాన్నా, నేను ఆ కాలేజీ కోసం మూడు ఎస్సేలు రాశాను." అంతే అంది, లేచి పైకి వెళ్ళిపోయింది. ఆ పూట స్వెట్‌షర్ట్ విప్పేసి కుర్చీ మీద వేసిపోయింది, దాన్ని క్లోజెట్‌లో పెట్టింది మా ఆవిడ.

ఇక్కడ నాకు రెండు రకాల సమాధానాలు వస్తుంటాయి. మొదటిది, పిల్లలకి డబ్బు సంగతి చెప్తే టెన్షన్ పడతారు, వాళ్ళ పని చదువుకోవడం, మన పని కట్టడం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ చెప్పకుండా ఉంచితే టెన్షన్ పోదు, ఏప్రిల్‌కి వాయిదా పడుతుంది అంతే, అప్పటికి పిల్ల మనసు అక్కడ పాతుకుపోయి ఉంటుంది, ఇన్‌స్టాలో కాలేజీ పేరు పెట్టేసి ఉంటుంది, అప్పుడు మనం కాదంటే మన మాట డబ్బు మాటలా వినపడదు, నీ మీద నమ్మకం లేదు అన్నట్టు వినపడుతుంది. లేదా కాదనలేక ఇంటి మీద అప్పు తీస్తాం. మా ఎరికలో ఒకాయన రిటైర్మెంట్ అకౌంట్‌లోంచి తీశాడు, ఆయనకి యాభై మూడేళ్ళు.

రెండో సమాధానం ఇంకా గట్టిది, "ఈడీ పెడితే ఏమైంది, ఎయిడ్ సరిపోకపోతే బయటికి రావొచ్చుగా" అని. నిజమే, ఇచ్చిన సాయంతో కట్టలేకపోతే ఒప్పందం నుంచి వదిలేస్తారు, పోలీసులేం రారు. కానీ కట్టలేం అని మీరు ఒప్పించాల్సింది ఆ కాలేజీ ఫార్ములానే, పక్కన పోల్చి చూపించడానికి మీ చేతిలో ఇంకో కాలేజీ ఆఫర్ ఉండదు. బేరం ఆడాలంటే రెండో కొట్టు ఉండాలి కదా, ఈడీ అంటే రెండో కొట్టు మూసేసి బేరానికి కూర్చోవడం. అందుకే అది ఎవరికి బాగా పనికొస్తుందంటే ఎంతైనా కట్టగలవాళ్ళకి, లేదా కాలిక్యులేటర్‌లో అంకె ముందే చూసుకుని అది తమకి సరిపోతుందని తేల్చుకున్నవాళ్ళకి. కొన్ని ప్రైవేట్ కాలేజీలు క్లాసులో సగం, ఆ పైన కూడా ఈడీలోనే నింపేస్తాయి, ఛాన్స్ పెరుగుతుందన్నది అబద్ధం కాదు. ఆ పెరిగిన ఛాన్స్‌కి మనం కట్టే ధర ఏంటో తెలుసుకుని పెట్టమంటున్నా. సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఇచ్చిపుచ్చుకోవడాలు ముందు తేల్చుకోకుండా లగ్నపత్రిక రాయించుకుంటామా?

సరే, ఈడీ మానేశాం. పదకొండు కాలేజీల కొత్త లిస్టు రాశాం, ఈసారి ఒక్కోదానికీ ముందు కాలిక్యులేటర్, తర్వాతే పేరు. వాటిలో ఐదింటికి సీఎస్ఎస్ ప్రొఫైల్ కావాలి. డబ్బు సాయం కోసం నింపే ఫారాలు రెండు. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అంటే గవర్నమెంటు ఫారం, ఊరికే నింపుకోవచ్చు. సీఎస్ఎస్ ఎస్ఏటీ పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ళది, మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16, మాకు 89 అయ్యింది, ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇక్కడి కుటుంబాలకి ఫీజు లేదు. డబ్బు సంగతి పక్కనపెట్టండి, అది అడిగే ప్రశ్నలుంటాయి చూడండి, పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అన్ని అడగడు. మీరుండే ఇల్లు ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఇప్పుడెంత, అప్పెంత. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఉంటున్న ఇంటిని లెక్కలోకి తీసుకోదు, సీఎస్ఎస్ వాడే కాలేజీల్లో చాలా వాటికి అది కావాలి. ఇల్లు కాక వేరే స్థలాలేమైనా ఉన్నాయా?

ఉంది. 2016లో అమరావతి దగ్గర మా బావ చెప్పాడని ఒక ప్లాటు కొన్నాం, రాజధాని వస్తోందని అప్పుడు అందరూ కొన్నారు, మేమూ కొన్నాం. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చాక దాని ఊసెత్తడం మానేశాం. ఇప్పుడు సీఎస్ఎస్ గడీలో "ప్రస్తుత మార్కెట్ విలువ, డాలర్లలో" అని కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. బావకి ఫోన్ చేశా. అక్కడ పొద్దున ఏడున్నర. "బావా, మన ప్లాటు ఇప్పుడు ఎంత పలుకుద్ది?" అంటే ఆయన ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, "ఎవుడన్నా కొంటానన్నాడా ఏంట్రా?" అన్నాడు ఆశగా. కాదు బావా, అమ్మాయి కాలేజీ ఫారానికి అంటే, "పిల్ల చదువుకీ మన ముళ్ళకంపల ప్లాటుకీ ఏంట్రా సంబంధం" అని నవ్వు. ఆయన చెప్పిన అంకె మేము కొన్నదాంట్లో సగం కంటే తక్కువ, అదే రాశా. పక్కనే కూర్చుని అమ్మాయి ఇదంతా చూసింది. ఊళ్ళో పొలం గురించి కూడా అడిగింది, అది తాతయ్య పేరు మీద ఉంది, మనది కాదు, రాయక్కర్లేదు అన్నా. నెలనెలా నానమ్మా తాతయ్యలకి పంపేది ఎక్కడ రాయాలి అంది. దానికి గడీ లేదు, చివర్లో ప్రత్యేక పరిస్థితులుంటే రాయమని ఒక పెట్టె ఉంటుంది, అందులో రాశాం, ఇంగ్లీషు అది చూసుకుంది.

ఈ రాత్రిళ్ళలోనే నాకు తెలిసొచ్చినవి కొన్ని. తల్లిదండ్రుల పేరున ఉన్న పొదుపులో ఏటా సుమారు ఐదు శాతం కాలేజీకి కట్టగలరని లెక్కేస్తారు. అదే పిల్లల పేరున వేసిన డబ్బైతే ఎఫ్ఏఎఫ్ఎస్ఏలో 20 శాతం. మనవాళ్ళు పుట్టినరోజు డబ్బులు, అక్షింతల డబ్బులు అన్నీ ప్రేమగా పిల్లల పేరున అకౌంట్ తెరిచి వేస్తారు, అదే ఎక్కువ దెబ్బ. 529 మాత్రం తల్లిదండ్రుల ఆస్తిగానే చూస్తారు, ఆ భయం అక్కర్లేదు.

ఇంకొక మాట. పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చే వార్తలు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో లక్షా 30 వేల దాకా ఆదాయం ఉన్నవాళ్ళకి ట్యూషన్ మాఫీ, 2 లక్షల దాకా సగం అన్నారు. 2024 నవంబర్‌లో ఎంఐటీ 2 లక్షల లోపు వాళ్ళకి ట్యూషన్ ఉండదంది, 2025 మార్చిలో హార్వర్డ్ కూడా అదే అంది. ఇవి అబద్ధాలు కావు, వీటి పుణ్యమా అని కొందరికి స్టేట్ యూనివర్సిటీ కంటే హార్వర్డే చవగ్గా పడుతుంది, నిజంగా. కాకపోతే వాటి కింద చిన్న అక్షరాల్లో ఆస్తులు మామూలు స్థాయిలో ఉంటే అని ఉంటుంది, రెండోది ఆ గేటులోంచి లోపలికి వెళ్ళేది వందమందిలో పదిమంది కూడా ఉండరు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మన ఇళ్ళు చాలావరకు ఆ గీతకి కాస్త పైనే ఉంటాయి, ఆ పైన ఆదాయం పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ పోతుంది. మరి ఆ మధ్యలో ఉన్నవాళ్ళకి ఏంటి దారి అంటే మెరిట్ స్కాలర్‌షిప్. ఐవీ లీగ్ ఎనిమిదీ మెరిట్ డబ్బు ఇవ్వవు, ఎంత మొనగాడికైనా, అవసరాన్ని బట్టే ఇస్తాయి. మెరిట్ ఇచ్చేవి వాటి కింది మెట్ల మీద ఉన్న ప్రైవేట్ కాలేజీలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ పేరెత్తనివి. ఎవరెంత ఇస్తారో తెలుసుకోవాలంటే గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టండి, చాలా కాలేజీలు ఏటా అదే నమూనాలో ఒక కాగితం పెడతాయి. అందులో హెచ్2ఏ అన్న చోట ఎంతమందికి ఎంత మెరిట్ డబ్బు ఇచ్చారో ఉంటుంది, సీ7 అన్న చోట ఎస్సేకి, మార్కులకి, ఇంటర్వ్యూకి, వాళ్ళ పూర్వ విద్యార్థుల పిల్లలకి ఎంత విలువిస్తారో టిక్కులు పెట్టి ఉంటుంది. కన్సల్టెంట్ వేలకి వేలు తీసుకుని చెప్పేదాంట్లో సగం ఈ కాగితంలో ఊరికే ఉంది.

పిల్లల అప్లికేషన్ గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే దాని గురించి అందరూ చెప్తారు. 1975లో పదిహేను ప్రైవేట్ కాలేజీలు కలిసి మొదలుపెట్టిన కామన్ యాప్ ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలకి ఒకటే ఫారం. పది యాక్టివిటీలకి చోటు, ఒక్కోదానికి 150 అక్షరాలు, పదాలు కాదు అక్షరాలు. పదేళ్ళ భరతనాట్యం, అంత ఖర్చు పెట్టి చేసిన అరంగేట్రం, అన్నీ ఆ 150లో ఇమడాలి. ఎస్సే 650 పదాలు. మా అమ్మాయి, మా అమ్మ ఆరు నెలలు మా దగ్గరుండి వెళ్ళినప్పుడు ఆవిడ మాత్రల డబ్బా గురించి రాసింది. ఆ డబ్బా గడుల మీద మా అమ్మ మార్కర్‌తో ఉ, మ, రా అని రాసుకునేది, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. దానికి తెలుగు చదవడం రాదు, నాలుగేళ్ళు మనబడికి పంపినా రాలేదు, ఆ మూడు అక్షరాలు మాత్రం మాత్రలు సర్దుతూ నేర్చుకుంది, ఒకరోజు రా గడిలో ఉ మాత్ర పడిపోతే నానమ్మ కంటే ముందు అదే కనిపెట్టింది. అదీ ఎస్సే. కన్సల్టెంట్ చదివి, ఇందులో ఇంపాక్ట్ లేదు, లాభాపేక్ష లేని సంస్థ ఏదైనా పెట్టిందా అని అడిగాడు. పదహారేళ్ళ పిల్లలు పెట్టిన సంస్థలు మన టౌన్‌లో వీధికి మూడు ఉన్నాయి. మేము మాత్రల డబ్బానే పంపాం. అదే ఏడాది జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చి అడ్మిషన్లలో జాతిని చూడకూడదని తేల్చింది, మన గ్రూపుల్లో ఇక మన పిల్లలకి తలుపులు తెరిచినట్టే అని పండగ చేసుకున్నారు. తలుపులు తెరిచారో లేదో గానీ బిల్లు మాత్రం ఏ తీర్పూ తగ్గించలేదు.

హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల హెచ్-1బీ వర్క్ వీసా వెనక వచ్చే వీసా మీద ఉన్న పిల్లల సంగతి వేరేగా చెప్పాలి. మా పక్క వీధిలో ఉండే వదినగారి అబ్బాయి రెండేళ్ళప్పుడు వచ్చాడు, కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే, క్రికెట్ కంటే బేస్‌బాల్ బాగా తెలుసు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు, ఎప్పటికొస్తుందో వాళ్ళ వీసా లాయర్ కూడా చెప్పడు. వాడికి ఎఫ్ఏఎఫ్ఎస్ఏ వర్తించదు, ఫెడరల్ లోను రాదు. చాలా ప్రైవేట్ కాలేజీలు వాణ్ణి ఇంటర్నేషనల్ విద్యార్థిగానే చూస్తాయి, అంటే డబ్బు సాయం కావాలి అని టిక్ పెట్టడమే సీటు అవకాశాన్ని తగ్గించొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ లాంటి కొద్ది చోట్ల మాత్రం విదేశీయుల విషయంలో కూడా డబ్బు అవసరం చూడకుండా సీటిస్తారు, ఇచ్చాక అవసరమంతా తీరుస్తారు. ఆవిడకి ఈ సంగతి డిసెంబర్‌లో తెలిసింది, అప్పటికే పద్నాలుగు కాలేజీలకి ఎయిడ్ కావాలని పెట్టేశారు. హెచ్-4 ఇంట్లో అయితే ప్రతి కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి ముందే ఈమెయిల్ పెట్టి మా వాణ్ణి ఏ లెక్కలో చూస్తారు అని అడగండి, జవాబు రాతలో తీసుకోండి. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలి, ఆ ముచ్చట ఇంకో రోజు.

మార్చి, ఏప్రిల్ ఎలా గడిచాయో గుర్తులేదు. ఆ ఏడాది ఎఫ్ఏఎఫ్ఎస్ఏ కొత్తగా మార్చారు, అక్టోబర్‌లో తెరవాల్సింది డిసెంబర్ 30న తెరిచారు, తెరిచినా రోజూ మొరాయించేది, కాలేజీలకి సమాచారం చేరేసరికి మార్చి. ఎయిడ్ లెటర్లు ఆలస్యం, ఏ కాలేజీలో చేరతామో చెప్పాల్సిన మే 1 గడువుని చాలా కాలేజీలు జరిపాయి. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) అప్పట్లో స్కూల్లో టాప్ 6 శాతం పిల్లలకి నేరుగా సీటిచ్చేది, మా అమ్మాయి అందులో లేదు, ఈ ఫ్రిస్కో స్కూళ్ళలో 6 శాతం అంటే తమాషా కాదు, ఇప్పుడు దాన్నీ 5 చేశారు. చివరికి చేతిలో మిగిలినవి రెండు. ఇంటికి అరగంట దూరంలో యూటీ డాలస్, స్కాలర్‌షిప్‌తో ట్యూషన్ దాదాపు లేనట్టే. రెండోది ఒహాయోలో ఒక చిన్న ప్రైవేట్ కాలేజీ, రేటు 76 వేలు, మెరిట్ 36 వేలు, కట్టాల్సింది 40.

నన్నడిగితే యూటీ డాలసే. ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, అప్పు లేకుండా బయటపడొచ్చు. కానీ ఈసారి అంకెలన్నీ దాని ముందే ఉన్నాయి, అదే స్ప్రెడ్‌షీట్ తయారుచేసింది. నేను మర్చిపోయిన వరస కూడా పెట్టింది, మెరిట్ డబ్బు నాలుగేళ్ళూ అదే 36 వేలు, ఫీజు మాత్రం ఏటా పెరుగుతుంది, కాబట్టి నాలుగో ఏడు మనం కట్టేది 40 కాదు, 49 దాకా పోవచ్చు అని. జీపీఏ 3.0 కంటే తగ్గితే మెరిట్ పోతుందని ఇంకో వరస. మేము ఏడాదికి 40 వరకు ఇవ్వగలమన్నాం, ఆ పైది అది చూసుకోవాలి. రెండో ఏడు నుంచి హాస్టల్‌లో ఆర్ఏగా, అంటే తోటి పిల్లల బాగోగులు చూసే విద్యార్థిగా చేస్తే రూము ఖర్చు పోతుంది, ఫస్ట్ ఇయర్‌కి ఫెడరల్ లోను 5,500 వరకే ఇస్తారు, అందులో సగమే తీసుకుంటా అంది. ఒహాయో వెళ్ళింది. ఈ ఆగస్టు నుంచి ఆర్ఏ కూడా అయ్యింది, అర్ధరాత్రి ఫైర్ అలారం మోగితే డెబ్భై మందిని బయట నిలబెట్టి లెక్కపెడుతుందట.

నేను దానితో ఒప్పుకున్నానా అంటే ఇప్పటికీ పూర్తిగా లేదు. లక్షన్నర డాలర్ల పైమాట, అది చిన్నదేం కాదు. క్లాసులో పద్దెనిమిది మందే ఉంటారు, ప్రొఫెసర్ ఇంటికి భోజనానికి పిలుస్తాడు అని అది చెప్తే బాగుంటుంది, మళ్ళీ బిల్లు పోర్టల్‌లో పడ్డప్పుడు బాగుండదు. కానీ ఆ బిల్లు చూసి నాకెప్పుడూ ఆశ్చర్యం కలగలేదు, దానికీ కలగలేదు, నేను అడిగేది అంతవరకే. ఇప్పుడైతే ఇంకా అవసరం, తల్లిదండ్రులు పిల్లల పేరు చెప్పి తీసుకునే ఫెడరల్ ప్లస్ లోను ఇన్నాళ్ళూ ఖర్చంతా ఇచ్చేవాళ్ళు, 2025 జులైలో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు, అంతే. సీటొచ్చాక చూద్దాం అన్నవాళ్ళు చూసుకునే ఆ ఆఖరి తలుపు కూడా సగం మూసేశారు.

మావాడు, అమ్మాయి తమ్ముడు, ఇప్పుడు పదో క్లాసు. అంటే లెక్కలోకి వచ్చే సంవత్సరం వచ్చే జనవరితో మొదలు. వాడితో కూర్చుని మొన్న ఆదివారం రెండు కాలేజీల కాలిక్యులేటర్లు నింపాం, వాడికి అంకెలంటే సరదా, జీతం గడిలో నాది తీసేసి ఇలాన్ మస్క్‌ది ఎంతుంటుందో పెట్టి చూశాడు. అంతలో బావ ఫోన్. 2024 ఎలక్షన్ల తర్వాత అమరావతి మళ్ళీ లేచింది కదా, మన ప్లాటు కొన్నదానికి రెండింతలు దాటింది, పార్టీ రెడీగా ఉన్నాడు, సంక్రాంతికి రిజిస్ట్రేషన్ పెట్టుకుందామంటాడు.

"సంక్రాంతికా? జనవరి వద్దు బావా. డిసెంబర్ ముప్ఫై ఒకటి లోపల అవుద్దా?"

"ధనుర్మాసంలో ఎవుడ్రా రిజిస్ట్రేషన్ పెట్టుకునేది? ఏం, జనవరికి ఏమొచ్చింది?"

"జనవరిలో అమ్మితే అది ఆదాయం కింద పడుద్ది బావా. అమ్మకపోతే ఆస్తి కింద పడుద్ది. బుడ్డోడి కాలేజీకి."

"రేటు పెరిగిందని చెబితే ఏడుస్తావేంట్రా," అన్నాడు బావ. వెనకాల మావాడు ప్లాటు విలువ గడిలో కొత్త అంకె కొట్టి నీలం బటన్ నొక్కాడు.